లింగంపల్లి అన్నంభట్టులు

కాశీకి పోయి వచ్చినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడని పాతకాలపు పండితుల్లో ఒక సామెత ఉండేది. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడు, పదిహేడో శతాబ్దపు మనిషి. ఆయన చిన్న పుస్తకమే ఇప్పటికీ తర్కం చదివేవాళ్లకు మొదటి వాచకం. అంతటివాడు కావాలంటే గురువుల గుమ్మాల్లో ఏళ్లకేళ్లు పడిగాపులు పడాలని ఆ సామెత ఉద్దేశం. పాపం, వాళ్ల కాలానికి ఎంఎంటీఎస్ లేదు. ఇప్పుడు కాశీ దాకా ఎందుకు, లింగంపల్లికి టికెట్ తీసుకుంటే చాలు. స్టేషన్లో దిగి నల్లగండ్ల వైపు నడిచినా, గచ్చిబౌలి వైపు ఆటో ఎక్కినా, ఎదురయ్యే ప్రతి మనిషీ అన్నంభట్టే. చదవాల్సిన పని లేకుండానే తర్కం ఇంతగా ఒంటబట్టిన మండలం దేశంలో మరొకటి ఉండదు. ఇక్కడ ఇల్లు అద్దెకు తీసుకున్న పుణ్యానికి, ఆ మహానుభావులను నాలుగు మాటల్లో పొగిడి కొంత రుణం తీర్చుకుందామని ఈ ప్రయత్నం.

గౌతముడు న్యాయసూత్రాల్లో మాటల పోరును మూడు రకాలు చేశాడు. నిజం తేల్చుకోవడానికి ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటే వాదం. ఎలాగైనా గెలవాలని మాట్లాడితే జల్పం. తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాడి పక్షాన్ని పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే వితండం. ఇందులో మొదటిదాన్ని మావాళ్లు స్థలాభావం వల్ల రద్దు చేశారు. పక్కనే కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100 కోట్లు దాటి పలికింది. అలాంటి చోట ఇద్దరు మనుషులు తీరిగ్గా కూర్చుని నిజం తేల్చుకునేంత జాగా ఎవరిస్తారు? మిగిలిన రెండింటికీ జాగా అక్కర్లేదు, ఫోన్ ఉంటే చాలు.

గౌతముడు ఇంకో పని కూడా చేశాడు. వాదంలో మనిషి ఎక్కడెక్కడ ఓడిపోయినట్టు లెక్కో 22 చోట్లు గుర్తించి, వాటికి నిగ్రహస్థానాలని పేరు పెట్టాడు. చెప్పిన మాట మధ్యలో మార్చేస్తే ఒకటి. అడిగింది వదిలేసి అడగనిదాని గురించి మాట్లాడితే ఒకటి. ఎవరికీ అర్థం కాకుండా మాట్లాడితే ఒకటి. వాదం మధ్యలో వేరే పని ఉందని లేచిపోతే ఒకటి. దీన్ని విక్షేపం అన్నారు. ఇవన్నీ ఓటమి గుర్తులని ఆ అమాయకుడు అనుకున్నాడు. వాటికి మర్యాద చేసింది మావాళ్లే. ఇప్పుడు విక్షేపాన్ని ‘నాకు కాల్ ఉంది’ అంటారు. అలా అని లేచిపోయినవాణ్ణి ఓడిపోయాడని ఎవరూ అనరు. ఎంత బిజీ మనిషో అంటారు.

మా తార్కికుల ప్రతిభ పూర్ణకళలతో వెలిగిన సందర్భం 2025 వసంతంలో వచ్చింది. కంచ గచ్చిబౌలి 400 ఎకరాల ముచ్చట. ఈ భూమి కథ ఇక్కడ ప్రతి పాన్ షాపు దగ్గరా వినిపిస్తుంది కాబట్టి క్లుప్తంగానే చెప్తాను. 1974లో పుట్టిన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి అప్పటి ప్రభుత్వం ఊరి బయట దాదాపు 2,300 ఎకరాలు చూపించింది. అందులో ఈ 400 ఎకరాలను 2003-04లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం ఆటల అకాడమీ పేరుతో ఐఎంజీ భారత అనే కంపెనీకి కేటాయించింది. 2006లో రాజశేఖర రెడ్డి ప్రభుత్వం ఆ కేటాయింపు రద్దు చేసింది. కంపెనీ కోర్టుకెళ్లింది. కేసు తేలేసరికి రాష్ట్రమే రెండుగా విడిపోయింది. 2024లో తెలంగాణ ప్రభుత్వం గెలిచింది. గెలిచిన భూమిని పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ చేతికిచ్చి, ఐటీ పార్కుల కోసం వేలం వేద్దామనుకుంది. 2025 మార్చి 30, ఉగాది రోజు, భూమి చదును చేసే యంత్రాలు లోపలికొచ్చాయి. మర్నాడు రంజాన్. విద్యార్థులు అడ్డుపడ్డారు, పోలీసులు వాళ్లను ఎత్తుకెళ్లి బండ్లలో వేశారు, రాత్రుళ్లు కూడా లైట్ల వెలుగులో పని నడిచింది. ఇంతవరకూ జరిగింది. ఇక జరిగినదాని మీద జరిగింది చూడండి.

మొదటి ఘనత ‘అడవి’ది. న్యాయశాస్త్రంలో ఛలం అని ఒక దోషం ఉంది. కొత్త కంబళి కప్పుకున్న మనిషిని చూసి ఒకడు ‘వీడు నవకంబలుడు’ అంటాడు. వినేవాడు ‘ఏవీ తొమ్మిది కంబళ్లు, ఒక్కటేగా ఉంది’ అని అడ్డం తిరుగుతాడు. కంబళి గురించి గానీ చలి గురించి గానీ ఇక మాట ఉండదు. మన దగ్గర ప్రభుత్వ పక్షం వారు రికార్డులు తెరిచి, ఇది అడవి అని ఎక్కడ రాసుంది, సర్కారీ పోరంబోకు అనే కదా ఉంది అన్నారు. నిజమే, అలాగే ఉంది. చెట్టుకు తాను పోరంబోకులో మొలుస్తున్నానా, రిజర్వు ఫారెస్టులో మొలుస్తున్నానా అనే ఇంగితం ఉండొద్దూ? నెమలికి పహాణీ చదవడం రాకపోతే తప్పెవరిది? సుప్రీంకోర్టు గోదావర్మన్ కేసులో 1996 డిసెంబర్ 12న, నిఘంటువులో అడవి అంటే ఏమిటో అదే అడవి, భూమి ఎవరి పేరున ఉన్నా సరే అని చెప్పింది. ఆ ముక్క చర్చలోకి రానివ్వకుండా కాపాడిన పెద్దల నిగ్రహాన్ని మెచ్చుకోవాలి.

అక్కడ జింకల్లేవు, పులుల్లేవు, అడ్డుపడే గుంటనక్కలే ఉన్నాయని సాక్షాత్తు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు అసెంబ్లీలో అన్నారు. ఇది జంతుశాస్త్రానికి ఆయన చేసిన సేవ. ఒక్క వాక్యంతో నాలుక్కాళ్ల జంతువులను ఖాళీ చేయించి, రెండుకాళ్లవాటిని ప్రవేశపెట్టారు. ఆపైన వారం పాటు చానళ్లలో చర్చ జింకల మీద కాదు, నక్కలెవరు అన్నదాని మీద.

అటుపక్క వారు తక్కువ తిన్నారా? నగరానికి ఊపిరితిత్తులు పోతున్నాయని వ్యాసాలు, ప్రసంగాలు, పోస్టర్లు. కేబీఆర్ పార్కు గొడవప్పుడు అదీ ఊపిరితిత్తే. గండిపేట చెరువుకు రక్షణగా ఉన్న 111 జీవో ఎత్తేస్తామన్నప్పుడు ఆ చుట్టుపక్కలంతా ఊపిరితిత్తే. మృగవని పార్కు పేరెత్తినా ఊపిరితిత్తే. ఇన్ని ఊపిరితిత్తులున్న ప్రాణి ఇంకా దగ్గుతూ ఉందంటే వైద్యులకే విడ్డూరం. ఆ పోలిక ఒకసారి వాడాక, అక్కడ ఏ చెట్టుంది, ఏ చెరువుంది, వాననీరు ఎటు పోతుంది అని చెప్పే బాధ తప్పుతుంది. రాయగా రాయగా చేయి తిరిగినవాళ్లకే ఈ సౌకర్యం.

అంతటితో ఆగలేదు. బుల్డోజర్ల ముందు కన్నీళ్లతో పరుగెత్తే జింకలు, గుండె బాదుకునే నెమళ్లు ఫోన్లలోకి వచ్చిపడ్డాయి. కృత్రిమ మేధ గీసిన బొమ్మలవి. కొన్ని జపాన్ కార్టూన్ సినిమాల తీరులో ఎంత ముద్దుగా ఉన్నాయంటే, పంచుకున్నవాళ్లలో నటులూ ఉన్నారు, నాయకులూ ఉన్నారు. ప్రభుత్వం బొమ్మల మీద కేసులు పెట్టింది. ఓ సీనియర్ ఐఏఎస్ అధికారికీ నోటీసు వెళ్లింది. అప్పట్నుంచి రెండు పక్షాలకూ పండగే. ఒకరికి బొమ్మ అబద్ధమని రుజువు చేస్తే చాలు, యంత్రాలు కూడా అబద్ధమైపోతాయి. ఇంకొకరికి యంత్రాలు నిజం కాబట్టి బొమ్మ కూడా నిజమైపోతుంది. నిజమైన బుల్డోజర్ ముందుకు అబద్ధపు జింకను తోలినందువల్ల లాభపడింది బుల్డోజరే అని ఎవరైనా అంటే, వాళ్లకు ఉద్యమ స్ఫూర్తి లేదని అర్థం.

అంకెల విషయంలోనూ మనవాళ్లది ఉదార హృదయం. ఆ 400 ఎకరాల్లో 50,000 కోట్ల పెట్టుబడులు, 5 లక్షల ఉద్యోగాలు వస్తాయని ప్రభుత్వం వైపు నుంచి చెప్పారు. ఎంత గుండ్రటి సంఖ్యలు! 4,87,000 అని చెప్పి ఉంటే ఎవడో ఒకడు లెక్క అడిగేవాడు. 5 లక్షలంటే ఎవరూ అడగరు, చప్పట్లు కొడతారు. టీవీ చర్చలో ఉద్యోగాలు కావాలా జింకలు కావాలా అని యాంకర్ గారు గొంతు పెంచితే, సైబరాబాద్‌లో ఖాళీగా ఉన్న ఆఫీసు అంతస్తుల మాట అడగాలని ఏ ఒక్క అతిథికీ తోచకపోవడం వాళ్ల మర్యాదకు తార్కాణం.

అన్నిటికంటే నేను సాష్టాంగపడేది మాత్రం ఒక ప్రశ్నకు. అప్పుడెక్కడున్నారు? తెలుగు రాజకీయ భాషకు ఇంతటి బీజాక్షరం ఇంకొకటి దొరకలేదు. దీన్ని గౌతముడు మతానుజ్ఞ అన్నాడు. నువ్వు దొంగవి అంటే, నేను కాను అనకుండా, నువ్వూ దొంగవే అనడం. అలా అనేవాడు తన దొంగతనం ఒప్పేసుకున్నాడు కాబట్టి ఓడిపోయాడని ఆ ముని లెక్క. ఈ లెక్కన కంచ గచ్చిబౌలిలో ఓడిపోని పార్టీ లేదు. కోకాపేట భూములను వేలం వేసినవారు విద్యార్థుల పక్కన నిలబడి పచ్చదనం గురించి మాట్లాడారు. అప్పుడెక్కడున్నారు అని కాంగ్రెస్ అడిగింది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు భూముల అమ్మకాన్ని తప్పుపట్టినవారు అధికారంలోకి వచ్చాక అమ్మడానికి బయల్దేరారు. అప్పుడేమన్నారు అని బీఆర్ఎస్ అడిగింది. అసలు ప్రైవేటు కంపెనీకి రాసిచ్చిందెవరు అని ఇద్దరూ తెలుగుదేశం వైపు వేలు చూపించారు. కేంద్ర విశ్వవిద్యాలయానికి అన్నేళ్లుగా భూమి పట్టా ఎందుకు చేయించలేదు అని వేళ్లు ఢిల్లీ వైపూ తిరిగాయి. అందరి ప్రశ్నా న్యాయమైనదే. ఎవరి జవాబూ అక్కర్లేనిదే. ఒక భూమి మీద నలుగురు హక్కుదారులుంటే కోర్టుకెళ్తారు. ఒక తప్పు మీద నలుగురు హక్కుదారులుంటే ఇలా స్టూడియోకి వెళ్తారు.

ఇంత మహాసభలో నాకు నిరాశ కలిగించింది విద్యార్థులొక్కరే. కుర్రాళ్లకు వాదించడం చేతకాదు. పుట్టగొడుగు ఆకారంలో నిలబడ్డ రాయి ఎక్కడుందో చూపిస్తారు. పీకాక్ లేక్, బఫెలో లేక్ అని కుంటల పేర్లు చెప్తారు. తెల్లారగట్ల బైనాక్యులర్లు మెళ్లో వేసుకుని తిరిగి, ఏళ్ల తరబడి పక్షులు లెక్కపెట్టుకుని, 230కి పైగా జాతులున్నాయని పట్టికలు పెట్టుకుంటారు. చుక్కల జింక, నక్షత్ర తాబేలు, ఏది ఎక్కడ కనిపించింది, ఏ నెలలో కనిపించింది అని రాసిపెట్టుకుంటారు. పట్టికలు పట్టుకుని ప్రైమ్ టైమ్ చర్చకొస్తే ఎవరు కూర్చోబెడతారు? తొమ్మిది కిటికీల తెర మీద ఒక కిటికీలో పక్షుల పట్టిక తెరిచిపెట్టుకున్న పిల్ల, మిగతా ఎనిమిదింటిలో గుంటనక్కల మీద పోట్లాడుకునే పెద్దలు. ఆ పిల్ల మైకు ఎప్పుడూ మ్యూట్‌లోనే ఉండేది. తప్పు ఆ పిల్లదే, అరవడం నేర్చుకోలేదు.

వాళ్లకంటే పెద్ద అపచారం ఒకటి 2025 ఏప్రిల్ 3న జరిగింది. సుప్రీంకోర్టులో జస్టిస్ గవాయి, జస్టిస్ మసీహ్ ధర్మాసనం విషయాన్ని తనంతట తానే చేపట్టి, తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రార్‌ను వెంటనే అక్కడికెళ్లి చూసి, ఆ మధ్యాహ్నానికల్లా ఏముందో చెప్పమంది. ఆయన వెళ్లాడు. చూశాడు. చెప్పాడు. దాదాపు 100 ఎకరాల్లో పెద్ద యంత్రాలతో చెట్లు పడగొట్టారని, అక్కడ నెమళ్లూ జింకలూ పక్షులూ కనిపించాయని నివేదిక వెళ్లింది. కోర్టు పని ఆపించింది. ఏప్రిల్ 16న మళ్లీ విచారణకొచ్చినప్పుడు, సెలవులు చూసుకుని అంత తొందరేమొచ్చిందని అడిగింది. ఆ 100 ఎకరాలను ఎలా బాగుచేస్తారో ప్రణాళిక తెమ్మంది. లేకపోతే అధికారులు జైలు చూడాల్సి వస్తుందని హెచ్చరించింది. చర్చా సంప్రదాయం మీద ఇంతకంటే ఘోరమైన దాడి ఉంటుందా? వారాల తరబడి ఎంతోమంది మేధావులు అనుమానం మీద, ఉపమానం మీద, శబ్దం మీద ఎంత చక్కటి కోట కట్టుకున్నారు! ఒక కోర్టు అధికారి ప్రత్యక్ష ప్రమాణం అనే పాతకాలపు ఆయుధంతో వచ్చి, ఒక్క పూటలో దాన్ని కూల్చేశాడు. పైగా ఆయన ఎవరినీ అప్పుడెక్కడున్నారని అడగలేదు.

ప్రకృతి మీద మాకు ప్రేమ లేదని మాత్రం ఎవరూ అనకూడదు. 2012 అక్టోబర్‌లో జీవవైవిధ్యం మీద ప్రపంచ దేశాల సదస్సు ఇక్కడే జరిగింది. దాని జ్ఞాపకంగా ఒక కూడలికి బయోడైవర్సిటీ జంక్షన్ అని పేరు పెట్టుకున్నాం. సాయంత్రం ఆరింటికి అక్కడ నిలబడితే ద్విచక్రాలు, త్రిచక్రాలు, చతుశ్చక్రాలు, నీళ్ల ట్యాంకర్లు, ఆఫీసు బస్సులు, ఎన్ని జాతులో. ఫ్లైఓవర్ కూడా కట్టాం. సదస్సు గురించి వ్యాసాలు రాసినవాళ్లు ఆ ఫ్లైఓవర్ మీదుగానే ఇళ్లకెళ్తారు.

పని గంటల చర్చను కూడా తలుచుకోకపోతే ఐటీ కారిడార్‌కు అన్యాయం చేసినట్టవుతుంది. 2023 అక్టోబర్‌లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువకులు వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. యుద్ధం తర్వాత జపాన్, జర్మనీ అలా చేశాయన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు 90 దాకా పెంచారు. మాదాపూర్, నానక్‌రామ్‌గూడ అట్టుడికిపోయాయి. దేశభక్తి అన్నవారు, బానిసత్వం అన్నవారు, జపాన్‌లో పని ఎక్కువై చచ్చిపోయేవాళ్ల సంగతేమిటన్నవారు. విశేషమేమిటంటే పని గంటల మీద చర్చంతా పని గంటల్లోనే జరిగింది. ఆఫీసు గేటు దగ్గర బూమ్ ఎత్తే సెక్యూరిటీ మనిషిది 12 గంటల డ్యూటీ. వారానికి ఆరు రోజులే వేసుకున్నా 72. నారాయణమూర్తి గారి కలను ఆయన నోరు విప్పకముందే నెరవేర్చినవాడు. అతణ్ణి ఏ ప్యానెల్‌కూ పిలవలేదు, డ్యూటీలో ఉన్నాడు కదా.

చెరువుల్లో కట్టడాల కూల్చివేతల మీద ఎక్కువ చెప్పను. 2024 ఆగస్టులో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా మాదాపూర్ తమ్మిడికుంటలో కన్వెన్షన్ సెంటర్ పడగొట్టినప్పుడు, దుర్గం చెరువు చుట్టూ ఇళ్లకు నోటీసులు వచ్చినప్పుడు మావాళ్లు రెండే సూత్రాలతో నెట్టుకొచ్చారు. పెద్దవాళ్లది కూలిస్తే, చట్టం అందరికీ సమానం. మన అపార్టుమెంటు దాకా వస్తే, అనుమతులిచ్చిన అధికారి సంగతేమిటి? రెండూ ఒకే నోటి నుంచి ఒకే వారంలో వచ్చాయి.

ఇంత పెద్ద సంగతులకే కాదు, చిన్నవాటికీ మావాళ్లు అదే శ్రద్ధ పెడతారు. మేముండే చోట సర్వీస్ లిఫ్ట్ పాడైంది. అదే వారం, పనివాళ్లూ డెలివరీ వాళ్లూ మెయిన్ లిఫ్ట్ ఎక్కకూడదని ఎవరో కాగితం అంటించారు. వాట్సాప్ గ్రూపులో ఒకామె ఇది అన్యాయం కాదా అండీ అని రాశారు. ఇంకేం, సరస్వతి నాట్యమాడింది. ఇది వివక్ష కాదు మేడమ్, పరిశుభ్రత అని ఒకరు. మెయింటెనెన్స్ కట్టేది మనం అని ఒకరు. ఐదు నక్షత్రాల హోటల్లో ఇలాగే ఉంటుంది, అక్కడ అడగరేం అని ఒకరు. సరిహద్దులో సైనికులు లిఫ్టుల్లేకుండానే కొండలెక్కుతున్నారని ఒకరు. ముందు రెండో బ్లాక్ కుక్కల సంగతి తేల్చండని ఒకరు. రిటైరైన పెద్దాయన ఒకరు అంబేద్కర్‌నీ వివేకానందుణ్ణీ ఒకే పేరాలో కూర్చోబెట్టి, సమాజంలో మార్పు మనసులోంచి రావాలని ముగించారు. దానికి చాలా చేతులు మొక్కాయి. కులం మాట ఎవరో తెచ్చారు. కులం మాట తెచ్చిందెవరని ఇంకెవరో అడిగారు. అక్కణ్ణుంచి చర్చ కాగితం మీద కాదు, కులం పేరెత్తినవాడి కులం మీద. ఒకాయన గ్రూపులోంచి వెళ్లిపోయారు. ఆయనెందుకు వెళ్లారన్నదాని మీద ఇంకాసేపు నడిచింది. మధ్యలో ఎవరో, సర్వీస్ లిఫ్ట్ ఎప్పుడు బాగవుతుందండీ అని ఒక్క లైన్ రాశారు. అది వాదం కాదు కాబట్టి ఎవరూ జవాబివ్వలేదు. అదే సమయంలో మా తలుపు దగ్గర నీళ్ల క్యాన్ల అబ్బాయి నిలబడి ఉన్నాడు. 20 లీటర్ల క్యాన్ భుజం మీద నుంచి దించి, గోడకు చెయ్యి ఆనించి, ఊపిరి కొంచెం సర్దుకున్నాక, “సార్, ఖాళీ క్యాన్ ఇస్తరా” అన్నాడు. మెట్లెక్కి వచ్చాడని చెమట చెప్తోంది. తన గురించి అంత చర్చ జరుగుతోందని అతనికి తెలియదు. తెలిసినా మెట్లు తగ్గవు.

ఒక్క చోట మాత్రం పొగడ్త నా నోటికి రాదు. ఆ సెంట్రల్ యూనివర్సిటీలోనే 2016 జనవరి 17న రోహిత్ వేముల అనే పరిశోధక విద్యార్థి ఉరేసుకున్నాడు. హాస్టల్ నుంచి వెలివేసిన ఐదుగురిలో అతనొకడు. ఒక చదువుకునే పిల్లవాడు ఎందుకలా అయ్యాడు, దానికి ఎవరు జవాబుదారీ అన్నది ప్రశ్న. కొన్నాళ్లకు ఆ ప్రశ్న కనపడకుండా పోయి, అతని కులం ఏమిటి, తల్లి కులం ఏమిటి, సర్టిఫికెట్ ఎవరిచ్చారు అన్నది ప్రశ్నగా కూర్చుంది. దాని మీద విచారణలు, నివేదికలు, ఖండనలు. 2024లో పోలీసులు కేసు మూసేస్తూ ఇచ్చిన నివేదికలోనూ ఆ కులం లెక్కే, దాని మీద మళ్లీ దుమారమే. అడిగినదాన్ని వదిలి ఇంకొకదానికి పోవడాన్ని శాస్త్రంలో అర్థాంతరం అంటారు. ఇరవై రెండు ఓటములలో అదీ ఒకటి. ఓడింది ఎవరో చెప్పక్కర్లేదు.

మళ్లీ స్తుతిలోకి వస్తే, రాసేవాళ్లకు, మాట్లాడేవాళ్లకు విడిగా ఒక దండ వేయాలి. ఏ సంఘటన జరిగినా మర్నాటికల్లా సంఘీభావ కవిత తయారుచేసే చేతులకు ముందు నమస్కారం. అందులో జింక ఉంటుంది, నెత్తురు ఉంటుంది, ఉక్కుచేయి ఉంటుంది. ఊరి పేరు మారిస్తే వచ్చే ఏడాదికీ పనికొస్తుంది. లిఫ్టు దగ్గర నుంచి లీజు దాకా అన్నిటి వెనకా ఒకే కుట్ర చూడగల వ్యాసకర్తలకు ఇంకో నమస్కారం. కుట్ర తెలిసిపోయాక వివరాలు వెతికే ఖర్చుండదు. హరప్పా నాగరికతతో మొదలుపెట్టి, గచ్చిబౌలి చేరేలోపు సమయం అయిపోయిందని చీటీ అందుకునే వక్తలకు మరొకటి. అభివృద్ధీ కావాలి, పర్యావరణమూ కావాలి అని ముగించే సమతూకం మేధావులకైతే పాదాభివందనమే. రెండూ కావాలని ఎవరు కాదన్నారు? ఈ 400 ఎకరాల్లో ఏది కావాలి అని అడిగితే, లోతైన చర్చ జరగాలంటారు. చర్చ జరిగితే, మరింత లోతుగా జరగాలంటారు. ఆ లోతులో వాళ్లు ఎవరికీ దొరకరు, ఏ ప్రభుత్వానికీ కోపం రాదు, ఏ సభకూ పిలుపు ఆగదు. ఇంతటి క్షేమకరమైన తత్త్వశాస్త్రాన్ని నాగార్జునుడి మధ్యేమార్గం కూడా ఇవ్వలేకపోయింది.

స్తోత్రానికి ఫలశ్రుతి చెప్పకపోతే పుణ్యం రాదంటారు. దీన్ని పొద్దున్నే చదివినవారికి సాయంత్రంలోగా ఏదో ఒక చానల్ నుంచి ఫోన్ వస్తుంది. రెండు పూటలా చదివినవారికి ‘సామాజిక విశ్లేషకుడు’ అనే బిరుదు దొరుకుతుంది. ఎన్నికల ముందు మండలం రోజులు పారాయణ చేసినవారికి, ఏ పార్టీ గెలిచినా సలహాదారు పదవి తప్పదు. చదివి, మెట్లెక్కి వచ్చినవాణ్ణి ఎన్నో అంతస్తు నుంచి వస్తున్నావని అడిగేవారికి, క్యాంపస్ గేటు దాకా పోయి చూసి వచ్చేవారికి మాత్రం ఏ ఫలమూ లేదు. వాళ్లు వచ్చాక తక్కువ మాట్లాడతారు. అలాంటివాళ్లను ఏ చర్చకూ పిలవరు.